అపోమాటొక్స్ తరవాతి పన్నెండేళ్లు

1877 ఏప్రిల్ 24న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో, లూసియానా ప్రభుత్వ భవనం దగ్గర మకాం వేసిన ఫెడరల్ సైనికులు అధ్యక్షుడు రూథర్‌ఫర్డ్ హేస్ ఆదేశం మేరకు బ్యారక్‌లకు వెళ్లిపోయారు. రెండు వారాల ముందు, ఏప్రిల్ 10న, దక్షిణ కరోలినా రాజధాని కొలంబియాలోనూ ఇదే జరిగింది. ఎక్కడా తూటా పేలలేదు. కానీ నల్లజాతి ఓటర్ల బలంతో నిలబడిన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఆ వెంటనే కూలిపోయాయి. అంతర్యుద్ధంలో ఓడిన పక్షం దక్షిణాది మొత్తం మీద మళ్లీ పెత్తనం చేజిక్కించుకుంది. ఈ ఘట్టాన్ని ఒక అలసట కథగా చెప్పడం అలవాటైపోయింది: పన్నెండేళ్లు ప్రయత్నించారు, ఉత్తరాది విసిగిపోయింది, దక్షిణాది లొంగలేదు, చివరికి జరగాల్సిందే జరిగింది అని. ఈ కథనంతో ఏకీభవించలేం. ఆరు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ యుద్ధ ఫలితం, 1865 ఏప్రిల్‌లో అపోమాటొక్స్ దగ్గర దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయిన నాడు సగమే తేలింది. మిగతా సగం, ఎంతమంది సైనికులను ఉంచాలి, వాళ్ల జీతాలకు డబ్బు మంజూరు చేయాలా వద్దా, సాయం చేయమని తంతి కొట్టిన గవర్నర్‌కు ఏం జవాబివ్వాలి అన్న పాలనా నిర్ణయాల్లో తేలింది. వాటిలో ప్రతి నిర్ణయమూ మరోలా ఉండే వీలుంది. కొన్ని చోట్ల, కొంతకాలం, మరోలా ఉంది కూడా. అక్కడ ఏం జరిగిందన్నదే అలసట కథకు గట్టి జవాబు.

ముందు సైన్యం లెక్క చూడాలి. 1865 మే నాటికి ఉత్తరాది సేనల్లో పది లక్షల మందికి పైగా వలంటీర్లు ఉన్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి వారిలో దాదాపు 11 వేల మంది మిగిలారు. శాశ్వత సైన్యం పరిమితిని కాంగ్రెస్ 1866లో 54 వేలుగా నిర్ణయించి, 1870లో 30 వేలకు, 1874లో 25 వేలకు కుదించింది. పశ్చిమాన మూలవాసీ తెగలతో పోరాడాల్సింది ఈ కొద్దిమందే, మెక్సికో సరిహద్దు కాయాల్సిందీ వీళ్లే. దక్షిణాదిలో లెక్కకు వచ్చిన సైనికుల్లో చాలామంది నిజానికి టెక్సస్ సరిహద్దు కోటల్లో ఉండేవారు. అయినా స్వేచ్ఛ ఎక్కడికి చేరిందో చూస్తే సైన్యం అడుగుజాడలు కనిపిస్తాయి. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరిలోనే అమల్లోకి వచ్చినా, టెక్సస్‌లోని బానిసలకు ఆ మాట అధికారికంగా చేరింది 1865 జూన్ 19న, జనరల్ గోర్డన్ గ్రేంజర్ సేనలతో గాల్వెస్టన్‌లో దిగాకే. అదే ఏడాది చివర్లో మిసిసిపీ కొత్త చట్టాలు చేసింది: జనవరికల్లా కూలి ఒప్పందం చేసుకోని నల్లవాడు తిరుగుబోతు కింద లెక్క, అతణ్ని అరెస్టు చేసి జరిమానా వేయొచ్చు, కట్టలేకపోతే పనికి కిరాయికి ఇవ్వొచ్చు. బానిసత్వం రద్దయిన కొన్ని నెలలకే బానిసత్వానికి దొడ్డిదారి సిద్ధమైంది. 1866 మేలో మెంఫిస్‌లో తెల్లవారి మూకలు 46 మంది నల్లజాతీయులను చంపాయి. ఆ ఊళ్లో కాపలా ఉన్న నల్లజాతి పటాలాన్ని సైన్యం రద్దు చేసి, సైనికుల చేత ఆయుధాలు పెట్టించింది సరిగ్గా దాని ముందు రోజే.

మెంఫిస్, ఆ తరవాత జులైలో న్యూ ఆర్లియన్స్ హత్యాకాండలు ఉత్తరాది ఓటర్లను కదిలించాయి. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటోను తోసిపుచ్చి 1867 మార్చిలో కాంగ్రెస్ పది దక్షిణాది రాష్ట్రాలను అయిదు సైనిక మండలాలుగా విభజించింది. సైనికాధికారుల పర్యవేక్షణలో ఓటర్ల నమోదు జరిగి, ఏడు లక్షలకు పైగా నల్లజాతి పురుషులు తొలిసారి జాబితాలకెక్కారు. ఈ ఓట్లతో ఏర్పడిన ప్రభుత్వాలు చాలా చోట్ల మొదటిసారిగా అందరికీ ప్రభుత్వ బడులు తెచ్చాయి. దక్షిణ కరోలినా దిగువ సభలో నల్లజాతీయులే మెజారిటీ. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో అడుగుపెట్టాడు. ఆ దశాబ్దంలో దాదాపు రెండు వేల మంది నల్లజాతీయులు షెరీఫ్ నుంచి సెనేటర్ దాకా ఏదో ఒక ప్రజాపదవి నిర్వహించారు. అయిదేళ్ల ముందు వరకూ వాళ్లలో ఎందరో వేలంపాటలో అమ్ముడుపోయే సరుకు. ఆధునిక చరిత్రలో ఇంత త్వరగా ఇంత పెద్ద రాజకీయ మార్పు వచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. తుపాకుల నీడలో నిలిచేది ప్రజాస్వామ్యమెలా అవుతుంది? సైన్యం దన్ను తీసేస్తే పడిపోయే ప్రభుత్వానికి ప్రజల మద్దతు లేదనే కదా? జనాభా ఎంతో చూస్తే ఈ వాదన నిలవదు. దక్షిణ కరోలినా, మిసిసిపీల్లో నల్లజాతీయులే అధిక సంఖ్యాకులు, లూసియానాలో సగానికి సగం. ప్రజల్లో మద్దతు లేక ఆ ప్రభుత్వాలు పడిపోలేదు. ఓటు వేయడానికి వచ్చేవాణ్ని కాల్చి చంపే సాయుధ ముఠాల ముందు ఓటుపెట్టె ఒంటరిగా నిలవలేదు. దక్షిణాదిలో ఫెడరల్ సైనికుడు శాసనాలు చేయలేదు, 1868 తరవాత చాలా రాష్ట్రాల్లో పాలించనూ లేదు. పోలింగ్ రోజున ఊళ్లో కనిపించడమే అతని ముఖ్యమైన పని. మన దగ్గర కల్లోలిత ప్రాంతాల్లో ఎన్నికలకు కేంద్ర బలగాలు దిగితే ఎన్నిక చెల్లదని ఎవరూ అనరు. ప్రజాస్వామ్యానికి బలప్రయోగం అక్కర్లేదన్న మాట, బలం అంతా ఒక పక్షం చేతిలోనే ఉన్న చోట, ఆ పక్షానికి వత్తాసు పలకడమే అవుతుంది.

రెండో అభ్యంతరం సైనిక కోణంలోంచి వస్తుంది. విశాలమైన పల్లెసీమ, ముసుగులేసుకుని రాత్రిళ్లు వచ్చే శత్రువు, నోరు విప్పని సాక్షులు. పాతిక ముప్ఫై వేల సైన్యంతో ఏం చేయగలరు అని. దీనికి జవాబు దక్షిణ కరోలినా ఎగువ కౌంటీల్లో 1871లో దొరుకుతుంది. ఆ రాష్ట్రంలో 1870 ఎన్నికల తరవాత తెల్లవారి రహస్య ముఠా కు క్లక్స్ క్లాన్ ఊళ్ల మీద పడి హత్యలు చేసింది, వందల మందిని కొరడాలతో బాదింది. స్థానిక జ్యూరీలు ఒక్కణ్నీ శిక్షించలేదు. 1871 మార్చిలో యార్క్ కౌంటీకి ఏడో అశ్వికదళం నుంచి మేజర్ లూయిస్ మెరిల్ వచ్చాడు. వార్తలన్నీ అతిశయోక్తులేమో అన్న అనుమానంతో వచ్చిన ఆ అధికారి, నెలల తరబడి బాధితుల వాంగ్మూలాలు రాసుకుని, ఎవరు ఏ ముఠాలో ఉన్నారో పేర్లతో సహా జాబితా కట్టాడు. ఏప్రిల్‌లో కాంగ్రెస్ క్లాన్ చట్టం చేసింది. కుట్ర పన్ని పౌరుల హక్కులను హరిస్తే అది ఫెడరల్ నేరం, అవసరమైతే అధ్యక్షుడు, నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కయిన హెబియస్ కార్పస్‌ను నిలిపివేసి సైన్యాన్ని దించవచ్చు. అక్టోబరులో అధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ తొమ్మిది కౌంటీల్లో ఆ పనే చేశాడు. అటార్నీ జనరల్ ఏమస్ అకర్మన్ స్వయంగా దక్షిణ కరోలినాకు వెళ్లాడు. జార్జియాలో స్థిరపడిన ఈ న్యాయవాది యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడినవాడు. ఓటమిని ఒప్పుకుని, కొత్త రాజ్యాంగాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. ఏడాది కిందటే ఏర్పాటైన న్యాయశాఖ చేపట్టిన తొలి పెద్ద పని ఇదే. కొన్ని కంపెనీల అశ్వికులు, చేతిలో పేర్ల జాబితా, నల్లజాతీయులు కూర్చున్న ఫెడరల్ జ్యూరీలు, ఇంతే బలగం. వందల మంది అరెస్టయ్యారు, వందల మంది తమంతట తామే వచ్చి లొంగిపోయి నేరాలు ఒప్పుకున్నారు, నాయకులు రాష్ట్రం విడిచి పారిపోయారు. 1872 నాటికి ఆ సంస్థ నడుం విరిగింది. ఆ ఏడాది జరిగిన అధ్యక్ష ఎన్నిక పునర్నిర్మాణం అని పిలిచే ఈ పన్నెండేళ్ల కాలం మొత్తంలో దక్షిణాది చూసిన అత్యంత ప్రశాంతమైన ఎన్నిక అని చరిత్రకారులు అంటారు. అసాధ్యమని చెబుతూ వచ్చిన పని కొద్ది నెలల్లో జరిగింది. ఆ పని సాగుతుండగానే దాన్ని వదిలేయడమూ మొదలైంది: అకర్మన్ పదవి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, 1873లో గ్రాంట్ క్షమాభిక్షలు మొదలుపెట్టాడు, కేసులు మూలనపడ్డాయి.

వదిలేయడం ఎలా జరిగిందో మిసిసిపీ చూపిస్తుంది. 1873 ఆర్థిక సంక్షోభం ఉత్తరాది ఓటరును సొంత బాధల్లో ముంచింది. 1874లో ప్రతినిధుల సభ, దక్షిణాది తెల్లవారు వెన్నుదన్నుగా ఉన్న డెమొక్రాట్ల చేతికి వెళ్లింది. 1875 శరదృతువులో మిసిసిపీ డెమొక్రాట్లు ముసుగుల అవసరం కూడా లేకుండా, పట్టపగలు ఆయుధాలతో, గ్రాంట్ పార్టీ, నల్లజాతి ఓటర్ల పార్టీ అయిన రిపబ్లికన్ల సభల మీద పడ్డారు. గవర్నర్ అడెల్బర్ట్ ఏమ్స్, తనూ అంతర్యుద్ధంలో జనరల్‌గా పనిచేసినవాడు, సైన్యాన్ని పంపమని సెప్టెంబరులో అధ్యక్షుణ్ని కోరాడు. వాషింగ్టన్ నిరాకరించింది. నల్లజాతీయులు అధికంగా ఉన్న యాజూ కౌంటీలో ఆ నవంబరులో రిపబ్లికన్లకు పడినవి 7 ఓట్లు. సైన్యాన్ని ఎందుకు పంపలేదని తను అడిగితే, పంపి ఉంటే ఒహాయోలో పార్టీ ఓడిపోయేదని గ్రాంట్ చెప్పినట్టు మిసిసిపీ నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు జాన్ లించ్ తరవాత రాసుకున్నాడు. ఆ అక్టోబరులో ఒహాయో గవర్నర్‌గా స్వల్ప మెజారిటీతో గెలిచినవాడు హేస్. ఆ గెలుపే ఏడాది తరవాత అతణ్ని అధ్యక్ష పదవికి అభ్యర్థిని చేసింది. లించ్ మాటను అక్షరాలా నమ్మినా నమ్మకపోయినా, గ్రాంట్‌కు చట్టం ఉంది, సైన్యం ఉంది, నాలుగేళ్ల కిందటి విజయం కళ్లముందుంది. లేనిది నిర్ణయమే.

ఆ విజయానికి ఆధారమైన చట్టాలనే న్యాయస్థానం నీరుగార్చింది. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లజాతీయులను తెల్లవారి సాయుధ దండు ఊచకోత కోసింది. లొంగిపోయినవాళ్లను కూడా వదల్లేదు. మృతుల సంఖ్య 60 నుంచి 150 వరకూ రకరకాలుగా చెబుతారు. సరిగ్గా అదే సంవత్సరం పుణెలో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఫూలే కొనియాడిన త్యాగం నిజమైనదే. దాన్ని కాపాడాల్సినవాళ్లు చేతులెత్తేశారు. కోల్‌ఫాక్స్ కేసులో ముగ్గురికి పడిన శిక్షలను కూడా 1876లో క్రూక్‌షాంక్ తీర్పులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం ముందు సమాన రక్షణకు హామీ ఇచ్చే రాజ్యాంగ పద్నాలుగో సవరణ ప్రభుత్వాలకే వర్తిస్తుంది, ప్రైవేటు వ్యక్తుల నేరాలను రాష్ట్రాలే చూసుకోవాలి అన్నది. చూసుకోవాల్సిన రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ నేరస్తుల పక్షానికే దక్కుతున్న కాలమది.

ఈ వాదనలో సైన్యాన్ని దేవతగా చేసే ఉద్దేశం లేదు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ తన పదిహేనో నంబరు ఉత్తర్వుతో తీరప్రాంతంలో దాదాపు నాలుగు లక్షల ఎకరాలను విముక్తి పొందిన బానిస కుటుంబాలకు కేటాయించాడు. దాదాపు 40 వేల మంది అక్కడ సేద్యం మొదలుపెట్టారు. అదే ఏడాది జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. రైతులను ఖాళీ చేయించింది కూడా సైనికులే. అందుకే కొందరు అంటారు, అసలు వైఫల్యం భూమి దగ్గర జరిగింది, సొంత భూమి లేనివాడి ఓటును ఏ సైన్యం కాపాడగలదని. ఇందులో చాలా నిజముంది. భూస్వామి దగ్గర పాలుకు చేసే రైతు అతనికి వ్యతిరేకంగా ఓటేయడం ఎంత కష్టమో మన పల్లెలు ఎరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కానీ భూమికీ భద్రతకూ పోటీ పెట్టడం పొరపాటు. భూమి ఇచ్చిందీ ఒక సైనిక ఉత్తర్వే, తీసుకున్నదీ సైనిక బలంతోనే. పట్టా చేతికొచ్చినా కాపాడే బలగం లేకపోతే యాజూ కౌంటీలో ఓటుకు పట్టిన గతే దానికీ పట్టేది. ఇదే అమెరికా సైన్యం 1946 నుంచి జపాన్‌లో జనరల్ మెకార్థర్ ఆధ్వర్యంలో భూసంస్కరణను దగ్గరుండి జరిపించింది. అక్కడి సాగుభూమిలో మూడో వంతుకు పైగా కౌలు రైతుల సొంతమైంది. ఓడిన శత్రుదేశపు కౌలుదారుకు దక్కినది, ఆ సైన్యం తరఫునే పోరాడిన దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికుల కుటుంబాలకు దక్కలేదు. ఆక్రమణ సైన్యంతో ప్రజాస్వామ్యం నాటుకోదనడానికి అఫ్గానిస్థాన్‌ను ఉదాహరణగా చూపేవారు జపాన్‌ను, జర్మనీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దక్షిణాదిలోనైతే ఆ సైన్యం పరాయిది కానే కాదు. దానికోసం ఎదురుచూసే నలభై లక్షల మంది అక్కడివాళ్లే.

మళ్లీ 1877కి వస్తే, హేస్‌ను సమర్థించేవారి దగ్గర ఒక మాట ఉంది. వివాదాస్పద ఎన్నికలో ప్రత్యేక కమిషన్ 8-7 తేడాతో ఇచ్చిన నిర్ణయాల వల్ల 185-184 ఎలక్టొరల్ ఓట్లతో గద్దెనెక్కిన అధ్యక్షుడు అతను. దక్షిణాది రిపబ్లికన్ ప్రభుత్వాలకు సైన్యాన్ని వాడకూడదన్న షరతు మీద ప్రతినిధుల సభ పట్టుబట్టడంతో, సైనిక పద్దు ఆమోదం పొందకుండానే ఆ మార్చిలో కాంగ్రెస్ వాయిదా పడింది. జులై నుంచి నవంబరు దాకా అమెరికా సైనికులకు జీతాల్లేవు. చేతులు కట్టేస్తే హేస్ ఏం చేస్తాడు అని అడగవచ్చు. ఏం చేశాడో చరిత్రలో ఉంది. కొలంబియాలో, న్యూ ఆర్లియన్స్‌లో సైన్యాన్ని బ్యారక్‌లకు పంపిన మూడు నెలలకు రైల్వే కార్మికుల మహాసమ్మె మొదలైంది. గవర్నర్లు అడగ్గానే మార్టిన్స్‌బర్గ్, బాల్టిమోర్, పిట్స్‌బర్గ్‌లకు జీతాల్లేని ఆ సైనికులనే పంపాడు. అదే వేసవిలో, విముక్తుల సంక్షేమానికి ఏర్పడిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకు అధిపతిగా పనిచేసిన జనరల్ ఆలివర్ హోవర్డ్, నెజ్ పెర్స్ మూలవాసీ తెగను వెయ్యి మైళ్లకు పైగా తరుముతూ ఉన్నాడు. బలం తరిగిపోలేదు. ఎవరి కోసం వాడాలన్న లెక్క మారింది. మరుసటి ఏడాది జూన్‌లో, సైనిక పద్దుకే తోకగా, కాంగ్రెస్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పౌర చట్టాల అమలుకు సైన్యాన్ని వాడకుండా నిషేధించే పోసీ కమిటేటస్ చట్టం వచ్చింది.

ఉత్తరాది తెల్లవారి మనసులోనే జాతి వివక్ష ఉంది, అలాంటప్పుడు ఎన్నాళ్లు నెట్టుకొచ్చేవారు అన్న ప్రశ్నకూ జవాబు చెప్పాలి. వివక్ష ఉంది, నిజమే. 1866లోనూ ఉంది, 1871లోనూ ఉంది. అయినా ఆ రోజుల్లో చట్టం చేశారు, అమలు చేశారు. ఇంకో పదిహేనేళ్లు అమలు చేసి ఉంటే బడిలో చదువుకున్న ఒక తరం, ఓటుకు అలవాటుపడ్డ ఒక తరం తయారయ్యేది. దానికి బదులు లూసియానాలో 1896లో 1,30,334గా ఉన్న నల్లజాతి ఓటర్ల సంఖ్య 1904 నాటికి 1,342కు పడిపోయింది. 1898లో ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో ఎన్నికైన పురపాలక ప్రభుత్వాన్ని తెల్లవారి మూక ఆయుధాలతో కూలదోసినప్పుడు, అక్కడి నల్లజాతీయుల మొర విని కూడా అధ్యక్షుడు మెకిన్లీ సైన్యాన్ని పంపలేదు. పైగా, కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, అతని శిష్యులు పునర్నిర్మాణాన్ని అవినీతి, అరాచకం నిండిన కాలంగా చిత్రించి ఉపసంహరణకు విద్వత్తు ముద్ర వేశారు. 1935లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ రాసినా, విశ్వవిద్యాలయాలు ఆయన మాట వినడానికి మరో పాతికేళ్లు పట్టింది. ప్రపంచ యుద్ధాల కాలంలో అమెరికా సైన్యం తన శిబిరాలకు తన మీదే కత్తిదూసిన దక్షిణాది జనరళ్ల పేర్లు పెట్టుకుంది. 2023లో ఆ పేర్లు తీసేసి, 2025లో అవే ఇంటిపేర్లున్న వేరే సైనికుల గౌరవార్థం అంటూ తిరిగి తెచ్చారు.

ఇవాళ ఈ వాదన చేయడంలో ప్రమాదం ఉందని ఎవరైనా హెచ్చరిస్తే ఆ హెచ్చరికను గౌరవించాలి. 2025 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నర్ వద్దంటున్నా అధ్యక్షుడు ట్రంప్ అక్కడి నేషనల్ గార్డ్‌ను తన ఆధీనంలోకి తీసుకుని లాస్ ఏంజెలెస్ వీధుల్లో దించారు. దాన్ని సవాలు చేసినవారికి ఆసరా అయినది 1878 నాటి పోసీ కమిటేటస్ చట్టమే. ఆ చట్టాన్ని ఉల్లంఘించారని సెప్టెంబరులో ఒక ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి తీర్పిచ్చారు. చెడు ఉద్దేశంతో పుట్టిన చట్టం మంచికి అక్కరకు రావచ్చు. అయితే గవర్నర్ ఒప్పుకున్నాడా లేదా అన్నదే గీటురాయి అయితే, 1957లో ఆర్కన్సా గవర్నర్ ఫాబస్ మాట విని ఐజెన్‌హోవర్ ఆగిపోవాల్సింది. ఆగలేదు. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్లోకి తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులను 101వ ఎయిర్‌బార్న్ డివిజన్ సైనికులు తీసుకెళ్లారు. అందుకు అధ్యక్షుడు ఉదహరించిన అధికరణాల్లో ఒకటి 1871 క్లాన్ చట్టం నుంచి వచ్చినదే. మెరిల్ చేతిలో పనిచేసిన చట్టం ఎనభై ఆరేళ్ల తరవాత మళ్లీ పనిచేసింది. చూడాల్సింది సైన్యం వచ్చాక అక్కడి బలహీనుడు బడికి, పోలింగ్ కేంద్రానికి, కోర్టుకు మునుపటికంటే నిర్భయంగా వెళ్లగలిగాడా లేదా అన్నది. లిటిల్ రాక్‌లో వెళ్లగలిగారు. సైనికులు వెళ్లిపోయాక ఫాబస్ 1958-59లో ఊళ్లోని హైస్కూళ్లనే మూసేశాడు; ఈసారి మాత్రం ఫెడరల్ న్యాయస్థానాలు వెనక్కి తగ్గలేదు, 1959లో బడులు తెరుచుకున్నాయి.

ఎప్పుడూ సైనికుడే కానక్కర్లేదని కూడా ఆ తరవాతి చరిత్ర చూపింది. 1965 ఓటు హక్కు చట్టం కింద దక్షిణాది కౌంటీలకు వెళ్లినవాళ్లు ఓటర్ల నమోదు చేసే ఫెడరల్ ఉద్యోగులు. వాళ్ల వెనక వాషింగ్టన్ నిలబడింది. మిసిసిపీలో 1965లో ఏడు శాతం లోపున్న నల్లజాతి ఓటర్ల నమోదు రెండేళ్లలో దాదాపు అరవై శాతానికి చేరింది. ఏమ్స్ మొర ఆలకించి ఉంటే ఆ ఓటు హక్కు 1875లోనే నిలిచేది. 2013లో షెల్బీ కౌంటీ తీర్పుతో సుప్రీంకోర్టు, పాత వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చడానికి ముందస్తు అనుమతి తీసుకోవాలన్న ఏర్పాటును నిర్వీర్యం చేసింది. పరిస్థితులు మారాయి, ఆ కాపలా ఇక అక్కర్లేదన్నది దాని తర్కం. అంతకుముందు అనుమతి దొరక్క ఆగిపోయిన తన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని అమలు చేస్తామని టెక్సస్ ఆ తీర్పు వెలువడిన రోజే ప్రకటించింది.